నేస్తం కట్టినందుకు

మాట్లాడ్డంలో నన్ను గెలిచినవాళ్ళు మా అరకు కొండల్లో తక్కువ. గొప్పకి చెప్పడం లేదు, ఉన్నమాటే. ఆశ్రమ పాఠశాలలో వక్తృత్వ పోటీ అంటే మాస్టర్లు ముందు నా పేరు రాసేసి, తర్వాత మిగతావాళ్ళని అడిగేవారు. స్టీలు గ్లాసులు, సబ్బుపెట్టెలు, ఒకసారి గోడగడియారం కూడా తెచ్చాను. ఇంట్లో సామానంతా దీని నోటి సంపాదనే అని మా నాన్న వచ్చినవాళ్ళకల్లా చూపించేవాడు. మా అమ్మ అంత తొందరగా మురిసిపోయే మనిషి కాదు. "నోరు మంచిదైతే ఊరు మంచిదౌతాదంటారు. నీ నోరు ఏటి మంచి సేత్తాదో సూడాలి" అనేది.

చేసింది. ఆ నోటితోనే మా అన్న పెళ్ళి చేశాను. ఆ సంగతే చెబుతాను.

మా ఊరు అరకు నుంచి జీపులో వెళ్ళి, గెడ్డ, అంటే కొండవాగు దాటి, కొంచెం నడిస్తే వస్తుంది. సగం ఇళ్ళు చర్చికి వెళ్తాయి, సగం ఇళ్ళు ఊరి అమ్మవారికి కోడిని కోస్తాయి. కోడికూర మాత్రం అన్ని ఇళ్ళకీ వస్తుంది. మా తాత కాలంలో మావాళ్ళు బాప్తిస్మం తీసుకున్నారు. మా నాన్న ప్రైమరీ స్కూలు పంతులు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది కూడా ఆయనే. దేవుడి ముందు అందరూ ఒకటే అని చదివి, బయటికొచ్చాక ఎవరైనా పెళ్ళి సంబంధం మాట ఎత్తితే "వాళ్ళది ఏ వంశం?" అని మొదట అడిగేదీ ఆయనే. మాది చేప వంశం. చేప వాళ్ళంతా అన్నదమ్ములు, వాళ్ళలో వాళ్ళు చేసుకోకూడదు. పులి వాళ్ళతోనో పాము వాళ్ళతోనో వియ్యమందాలి. మా అమ్మ ఈ చర్చలకి దూరం. ఆమెకి కాఫీ తోట, రాగులు పండే చోడి చేను, మా అన్న, నేను. ఈ నాలుగింటి తర్వాతే దేవుడైనా.

తొంభైల మధ్యలో నన్ను ఆరో తరగతికి హాస్టల్లో వేశారు. అక్కడ నా పక్క చాపమీద పడుకునే పిల్ల, కొండకి అవతలివైపు ఊరిది. వాళ్ళు అమ్మవారిని కొలిచేవాళ్ళు. వాళ్ళ తాత దిసారి, అంటే పండగలకీ విత్తనాలకీ పెళ్ళిళ్ళకీ మంచిరోజు చూసి చెప్పే పెద్దమనిషి. ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడుకునేవారు, అందుకని ఆమెకి తెలుగు మెల్లగా వచ్చేది. నాకు మాటలెక్కువ, ఆమెకి తక్కువ. ఇద్దరికీ బాగా సరిపోయింది. నేను మాట్లాడుతుంటే ఆమె నా లెక్కలు చేసిపెట్టేది.

ఒకసారి వానాకాలంలో నాకు మలేరియా వచ్చింది. రోడ్డు కొట్టుకుపోయి జీపులు రావడం లేదు. హాస్టల్లో పెద్దపిల్లలు నలుగురూ నన్ను ఎవరు మొయ్యాలని వాదించుకుంటుంటే, నా వయసుదే అయిన ఆ పిల్ల నన్ను వీపుమీద ఎత్తుకుని ఆస్పత్రి దాకా దిగిపోయింది. ఆ వీపుమీద కూడా నేను ఏదో వాగుతూనే ఉన్నానట. కబురందుకుని మా అమ్మ వచ్చింది. నా నుదురు చూసింది, తర్వాత ఆ పిల్ల కాళ్ళు చూసింది. చెప్పుల్లేని కాళ్ళు రాళ్ళకి కోసుకుపోయి ఉన్నాయి. అప్పుడు మా అమ్మ నాతో అంది: "ఇలాటి పిల్లని ఊరికే ఒగ్గీకూడదు. నేస్తం కట్టుకో."

మైదానం వాళ్ళకి నేస్తం అంటే స్నేహితురాలు. మా కొండల్లో నేస్తం ఒక చుట్టరికం. పెద్దల ముందు కడతారు. కట్టాక ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు, చచ్చేదాకా నేస్తం అనే పిలవాలి. ఆమె అమ్మ నాకు అమ్మ, మా అమ్మ ఆమెకి అమ్మ. వాళ్ళింట్లో ఎవరైనా పోతే మా ఇంట్లో మైల పాటిస్తారు. రెండిళ్ళూ ఒకే ఇల్లు. ఒకే ఇల్లు కాబట్టి ఆ ఇంటికీ ఈ ఇంటికీ మధ్య పెళ్ళిళ్ళు ఉండవు. ఈ ఆఖరి మాట ఆ రోజు ఎవరికీ పట్టలేదు. ఆరో తరగతి పిల్లల దగ్గర పెళ్ళి మాట ఎందుకొస్తుంది?

ఆ ఏడు మామిడికొత్త పండగకి వాళ్ళ ఊళ్ళో కట్టారు. మామిడికొత్త అయ్యేదాకా కొండమీద ఎవరూ మామిడికాయ కొరకరు. చెట్టుకింద రాలి కుళ్ళినా సరే, ముందు అమ్మవారు తినాలి. దిసారి తాత పూజ చేసి కొత్తకాయ ముక్కలు కోశాడు. నేను ఆమె నోట్లో పెట్టాను, ఆమె నా నోట్లో పెట్టింది. పసుపు బియ్యం జల్లారు, చీరముక్కలు మార్చుకున్నాం. మా నాన్న అమ్మవారి గుడి దగ్గరికి రాకుండా దూరంగా రాయిమీద కూర్చుని, అయిపోయాక మాత్రం దగ్గరికొచ్చి ఇద్దరి తలలమీదా చేతులుపెట్టి ప్రార్థన చేశాడు. "రెండువైపులా గట్టిగా కట్టినట్టయింది" అన్నాడు దిసారి తాత.

ఆ తర్వాత పండగలన్నీ రెట్టింపయ్యాయి నాకు. వాళ్ళ కొత్త పండగలకి మేం వెళ్ళేవాళ్ళం, మా క్రిస్మస్‌కీ కోతల పండగకీ వాళ్ళు వచ్చేవారు. కోతల పండగ రోజున చర్చికి అందరూ తొలిపంట తెస్తారు. గుమ్మడికాయలు, చోడి మూటలు, రాజ్మా, కాళ్ళు కట్టేసిన కోళ్ళు. ప్రార్థనయ్యాక పాస్టరు గారు వాటిని వేలం వేస్తారు. ఒక ఏడాది దిసారి తాత బెంచీమీద కూర్చుని వేలంలో ఒక గుమ్మడికాయ మీద పంతం పట్టాడు. పోటీగా మా నాన్న పాడాడు. ఇద్దరూ తగ్గరు. తీరా తాతే గెలిచి కాయ ఎత్తుకున్నాక తెలిసింది, అది తన కోడలే మా అమ్మకి ఇచ్చిన కాయేనని, మా అమ్మ దాన్ని చర్చికి తెచ్చిందని. తన పొలం కాయని తనే పాడుకుని మోసుకుపోయాడు. నవ్వి నవ్వి నా నేస్తానికి ఎక్కిళ్ళొచ్చాయి.

పది అయ్యాక దారులు వేరయ్యాయి. నా నేస్తం చదువు ఆపి వాళ్ళ ఊళ్ళోనే అంగన్‌వాడీలో చేరింది. నేను అరకులో ఇంటర్ చదివి, విశాఖపట్నంలో డిగ్రీకి వెళ్ళాను. అప్పటికి రెండువేల సంవత్సరం దాటింది. మా అన్న సర్వీసు జీపు తోలేవాడు. లోపల పదిమంది, టాపు మీద ఇంకో పదిమంది, బానెట్ మీద పనసకాయలు. నెలకోసారి నేను ఇంటికొస్తే, తిరిగి వెళ్ళేటప్పుడు అన్నే అరకు స్టేషన్‌కి దింపేవాడు. నా నేస్తం కూడా కొండ దిగి వచ్చి జీపెక్కేది. రైలు కదిలేదాకా ఇద్దరూ ప్లాట్‌ఫారమ్ మీద నిలబడి చెయ్యూపేవారు. నాకెంత గర్వమో. ఇద్దరూ నన్ను సాగనంపడానికే వస్తున్నారనుకున్నాను. రైలు వెళ్ళాక వాళ్ళిద్దరూ అదే జీపులో ఒకరి పక్కన ఒకరు కూర్చుని తిరిగి వెళ్ళాలన్న సంగతి ఇంత తెలివైనదానికి తట్టనే లేదు.

విశాఖలో నన్ను మొదట అడిగిన ప్రశ్న: మీ దగ్గర పులులు తిరుగుతాయా? మా అమ్మమ్మవాళ్ళే పులులు, పులి వంశం అని చెప్పాను. ఆ తర్వాత జాగ్రత్తగా మాట్లాడేవారు. హాస్టల్లో పేపరు నేనే ముందు లాక్కునేదాన్ని. మా ఊళ్ళో పేపరు మధ్యాహ్నం జీపులో వచ్చేది, అది మా నాన్న చదివి, చర్చలు పెట్టి, సాయంత్రానికి బజ్జీల పొట్లం అయ్యేది. ఇక్కడ పొద్దున్నే వేడివేడిగా చదవడం నాకు పండగే. ఆ రోజుల్లో బాక్సైట్ మాట మొదలైంది. మా కొండల పైన ఎర్రమట్టి తవ్వితే అల్యూమినియం వస్తుందని, ఉద్యోగాలు వస్తాయని కొందరు రాసేవారు. గెడ్డలు ఎండిపోతాయని కొందరు రాసేవారు. కాలేజీలో ఆ విషయం మీదే వాదోపవాదం పెట్టారు. చీటీ తీస్తే నాకు "అనుకూలం" వచ్చింది. తవ్వాలి అని మాట్లాడి కప్పు కొట్టేశాను. ఇంటికెళ్ళి, తవ్వకూడదు అని మా నాన్నతో వాదించాను. ఆయన కూడా తవ్వకూడదనే అన్నాడు. అయినా వదల్లేదు, అది చెప్పే పద్ధతి అలా కాదు అని ఆయనతోనే వాదించాను.

నా అసలు అభిప్రాయం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఆ కొండ పైన కురిసిన వాన నానుతూ నానుతూ దిగి, ఎండల్లో మా గెడ్డలో నీరవుతుంది. కొండ తలకాయ తీసేసి, కాళ్ళ దగ్గర నీళ్ళు కావాలంటే ఎలా? మా వాళ్ళని కూర్చోబెట్టి అడిగినవాడు ఒక్కడూ లేడు. మరోపక్క టూరిస్టులు పెరిగారు. నూనెగింజల వలిసె చేలు పసుపుగా విరగబూస్తే చేలోకి దిగి తొక్కి ఫొటోలు తీసుకునేవారు. మా అమ్మ పొలం గట్టుమీద నిలబడి "అయ్యా, అది మా నూనె" అని అరిచేది. నేను దాని మీద పేపరుకి రాద్దామనుకున్నాను. రాయలేదు, ఎందుకంటే ఆ దసరా సెలవుల్లో ఇంకో గొడవ మొదలైంది.

నన్ను స్టేషన్ నుంచి తీసుకొస్తూ మా అన్న జీపు మధ్యలో ఆపాడు. కాఫీ తోటల పక్కన, మిరియాల తీగలు ఎక్కిన సిల్వర్ ఓక్ చెట్ల దగ్గర. ఇంజను బాగులేదేమో అనుకున్నాను. స్టీరింగ్ చూస్తూ చెప్పాడు.

"నీ నేస్తాన్ని పెళ్ళి చేసుకుంటాను."

"అన్నా, నీకు పిచ్చేటి? నీకు చెల్లెలు."

"నువ్వు కట్టుకున్న ముడి నాకెందుకు సుట్టుకోవాలే? నాను కట్టుకున్నానా?"

"తనేమంటంది?"

"తనకీ ఇష్టమే. ఇష్టమని సెప్పి ఏడుత్తంది."

మర్నాడే కొండ దాటి వెళ్ళాను. నా నేస్తం అంగన్‌వాడీలో పిల్లలకి ఉడికిన శనగలు పెడుతోంది. పిల్లలంతా తిన్నాక గిన్నెలు కడిగింది. అప్పుడు చాలా స్పష్టంగా చెప్పింది. మా అన్నంటే ఇష్టం, వేరేవాణ్ణి చేసుకోదు. కానీ అతన్ని చేసుకుంటే ఊరు దాన్ని అన్నాచెల్లెళ్ళ పెళ్ళి అంటుంది. వాళ్ళ అమ్మానాన్నల్ని వెలేస్తారు. వాళ్ళింట్లో ఎవరూ నీళ్ళు తాగరు, వాళ్ళ పొలానికి ఎవరూ సాయం రారు, తాతని ఇక పూజకి పిలవరు. "మావాళ్ళని అలా చేసి నాను కాపురం సెయ్యలేను నేస్తం" అంది.

మా నాన్న మాత్రం ఇదంతా తేలిక అన్నాడు. "మనకి ఈ లెక్కల్లేవు. పాస్టరు గారు చేసేస్తారు." మనకి లేవు నాన్నా, వెలివేత పడేది వాళ్ళకి కదా అన్నాను. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. మా బంధువు ఒకాయన ఇంకో దారి చెప్పాడు: పిల్లలిద్దరూ వెళ్ళి పెద్దల ముందు, అది చిన్నప్పుడు ఆడుకున్న ఆట, నిజం నేస్తం కాదు అని చెప్పేస్తే ముడి ఉండదు, చుట్టరికం ఉండదు, పెళ్ళికి అడ్డం ఉండదు. నా నేస్తం వినగానే తల అడ్డంగా ఊపింది. నేనూ ఊపాను. ఎటువైపైనా మాట్లాడి కప్పు తెచ్చుకోగలను గానీ ఆ మాట మాత్రం నా నోట రాదు. మా అమ్మ చేటలో కాఫీగింజలు ఏరుతూ "నాను కట్టించిన నేస్తం. అది తెంపే మాట నా ఇంట్లో అనకండి" అంది. ఆ బంధువు టీ తాగి వెళ్ళిపోయాడు.

మా అన్న మనిషి చిక్కిపోయాడు. క్రిస్మస్‌కి నక్షత్రం కట్టడానికి వెదురు కూడా తేలేదు, ఏటా తనే తెచ్చేవాడు. నేస్తం తెంపకుండా పెళ్ళి అవ్వాలి, ఎలా? అదే ఆలోచన క్లాసులో, మెస్సులో, బస్సులో.

దారి నాకు కిరండూల్ ప్యాసింజర్లో దొరికింది. ఎదురు సీట్లో ఇద్దరాడాళ్ళు, అప్పుడే పరిచయం. మన జనం సంగతి తెలిసిందే, ఇద్దరు కలిస్తే ముందు వరస తేల్చుకోవాలి. మీ ఊళ్ళో ఫలానావారు మాకు బాబాయి అవుతారు, ఆయన కూతురు మీకు వదినైతే, మనిద్దరం ఏమవుతాం? ఒక లెక్కన పిన్నీ కూతురూ, ఇంకో లెక్కన వదినా మరదళ్ళు. ఒకావిడ నవ్వి "మా మావయ్య వేరే ఇంటికి పెంపకం పోయాడు కదా, ఆ వైపు నుంచి లెక్కేస్తే వదినా మరదళ్ళమే, అదే బాగుంది" అంది. రైలు సొరంగంలో దూరింది. ఆ చీకట్లో నాకు దారి కనపడింది.

నేస్తం ముడి కదల్దు. సరే, అది అలాగే ఉండనీ. కానీ మా అన్న కదలొచ్చు కదా. మా నాన్న చెల్లెలు, మా మేనత్త, టైడా దగ్గర ఊళ్ళో ఒక్కతే ఉంటుంది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. మా అన్న చిన్నప్పటి నుంచీ వచ్చినప్పుడల్లా "వీణ్ణి నాకిచ్చెయ్ వదినా" అని మా అమ్మని అడిగేది, సగం సరదాగా, సగం కాదు. అన్న ఆమెకి పెంపకం వెళ్తే? అప్పుడు వాడు మేనత్త కొడుకు. మేనత్త కొడుకు నాకు బావ. నాకు బావైతే నా నేస్తానికీ బావే. బావని చేసుకుంటే ఏ ఊరు వెలేస్తుంది? పైగా మేనత్త మొగుడిది పాము వంశం, నేస్తం వాళ్ళది పులి వంశం, అక్కడా అడ్డం లేదు. ఎటునుంచి లెక్కేసినా సరిపోయింది. అరకు దాకా టికెట్టుంది, అయినా టైడాలో దిగిపోయాను.

మేనత్త పనసకాయ కోస్తూ చేతులకి నూనె రాసుకుని ఉంది. నేను చెప్పిందంతా విని, కత్తి కిందపెట్టింది. ఆమె కళ్ళల్లో ఆశ నాకు తెలుస్తూనే ఉంది. కానీ అడిగింది: "మీ యమ్మనడిగేవా?"

"అడుగుతానత్తా."

"ముందు అడుగు. తర్వాత నా దగ్గరికి రా."

ఇంటికెళ్ళి చెప్పాను. మా నాన్న ముందు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు, లెక్క ఎంత బాగా కుదిరిందో తలుచుకుని. తర్వాత నవ్వు ఆగిపోయింది. మా అమ్మ రోట్లో చోళ్ళు దంచుతోంది. రోకలి ఆపి అడిగింది.

"అలాగైతే ఆడికి పెళ్ళి అవుతాదా?"

"అవుతాదమ్మా."

"నేస్తం తెగదు కదా?"

"తెగదు."

"అయితే ఇంకేటి" అని మళ్ళీ దంచడం మొదలెట్టింది. నేను గెలిచాననుకుని పరుగెత్తుకెళ్ళి అన్నకి చెప్పాను.

పెద్దల కూటమి నేస్తం వాళ్ళ ఊళ్ళో పెట్టారు. దిసారి తాత మధ్యలో, ఊరిపెద్దలు చుట్టూ, ఆడవాళ్ళు అరుగులమీద. మా నాన్న మాట్లాడబోతే నేనే లేచాను. నేస్తం తెంపమని అడగడానికి రాలేదు, అది ఇంకా గట్టిగా ఉండాలనే వచ్చాను అని మొదలెట్టాను. అక్కడితోనే సగం మంది మా వైపు తిరిగారు. వరసలు ఒక్కొక్కటే చెప్పుకుంటూ వెళ్ళాను. ఒక ముసలాయన చుట్ట తీసి అడ్డం పడ్డాడు.

"ఇదేటే గుంటా? రేపు ఇంకొకడు సెల్లిని సేసుకుంటానని, నాను కూడా ఎవరికో పెంపకం పోతానంటే?"

"వాడికి కూడా ఒక పిల్లల్లేని మేనత్తుండాలి, కొడుకునిచ్చుకునే తల్లి ఉండాలి కదా తాతా. అంత తేలికేటి?"

ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు వచ్చింది. ముసలాయన కూడా చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. నేను కూర్చున్నాను. జీవితంలో ఎన్ని పోటీల్లో గెలిచినా ఆ రోజు కూర్చున్నంత హాయిగా ఎప్పుడూ కూర్చోలేదు.

దిసారి తాత మాత్రం నవ్వలేదు. ఒప్పుకున్నాడు, కానీ షరతు పెట్టాడు. పెంపకం ఉత్తుత్తిది కాకూడదు. రెండూళ్ళ ముందు జరగాలి. మేనత్త ఇచ్చిన బట్టలు కట్టుకోవాలి, మేనత్త చేతి అన్నం తినాలి. అందరినీ కొత్త వరసతో పిలవాలి, ఆ రోజు నుంచి చచ్చేదాకా అలాగే పిలవాలి. "పిలుపు మారితేనే వరస మారినట్టు. ఒక్కరిని పిలవకపోయినా సెల్లదు. నా మనవరాలిని ఇవ్వను" అన్నాడు. ఇదెంత పని అనుకున్నాను నేను.

పెంపకం మా వాకిట్లోనే చేశారు, కాఫీ ఆరబోసే నేలంతా అలికి. నేస్తం వాళ్ళ ఊరు ఊరంతా కొండ దిగి వచ్చింది. పాస్టరు గారు కూడా వచ్చి, ఇది ఏ పుస్తకంలోనూ లేదు గానీ తప్పేమీ కనిపించడం లేదు అని కుర్చీ వేయించుకున్నారు. మా అన్న స్నానం చేసి, పాతచొక్కా మా ఇంట్లో వదిలి, మేనత్త తెచ్చిన తెల్లపంచె కట్టుకున్నాడు. మేనత్త ముందు నిలబడి "అమ్మా" అన్నాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఎంతకాలం ఆ పిలుపు కోసం చూసిందో అప్పుడు అర్థమైంది నాకు.

తర్వాత మా నాన్న. "మామా" అన్నాడు అన్న. "ఆ, అల్లుడూ. పాము వంశం ఇంటికెళ్ళావు, ఇకమీద పాముని కొట్టకు" అన్నాడు నాన్న నవ్వుతూనే. నన్ను "మరదలా" అన్నాడు. నేను సిద్ధంగా ఉన్నాను. పక్కనే దాచిన పసుపునీళ్ళ బిందె ఎత్తి "ఏం బావా" అని నెత్తిమీద కుమ్మరించాను. కొత్త పంచె పచ్చగా అయిపోయింది. రెండూళ్ళ ఆడపిల్లలూ గోలగోల చేశారు. నా నేస్తం కూడా నవ్వింది. ఎన్నో నెలల తర్వాత ఆమె నవ్వు చూశాను. ఇది నా గెలుపు అనుకున్నాను, మళ్ళీ అడిగినా అలాగే అనుకుంటాను.

"ఇంక మీ అత్త" అన్నాడు దిసారి తాత.

అందరం చుట్టూ చూశాం. మా అమ్మ వాకిట్లో లేదు. ఇంటి పక్కన రాళ్ళపొయ్యి దగ్గర, రెండూళ్ళ జనానికి అన్నం వండుతోంది. అన్న అటు నడిచాడు. జనమంతా వెనకే వెళ్ళారు. మా అమ్మ వీపు మా వైపు ఉంది. అన్న ఆమె వెనకాల నిలబడ్డాడు. పసుపునీళ్ళు జుట్టునుంచి కారుతున్నాయి. నోరు తెరిచాడు. "అ" అని ఆగిపోయాడు. మళ్ళీ తెరిచాడు, మళ్ళీ అక్కడే ఆగాడు. ఇంత పెద్ద మనిషి, ఘాట్ రోడ్డు మీద వానలో జీపు తోలేవాడు, ఆ ఒక్క మాట అనలేకపోయాడు.

దిసారి తాత చూస్తున్నాడు. ఒక్కరిని పిలవకపోయినా చెల్లదని అన్నది ఆయనే. నా నేస్తం వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని నేల చూస్తోంది, అవతల మేనత్త లేచి నిలబడింది. ఆ క్షణంలో ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి. అది నా పని. నాకు మాట రాలేదు. మేమంతా లెక్కలేస్తున్నప్పుడు ఆమె రోకలి ఆపి అడిగిన రెండు ప్రశ్నల్లో ఒక్కటి కూడా తన గురించి కాదని అప్పుడే తెలిసింది నాకు.

మా అమ్మ గరిటె పక్కన పెట్టింది. కొంగుతో మొహం తుడుచుకుని ఇటు తిరిగింది. కొడుకు మొహంలోకి చూసి, సంతలో కనపడిన చుట్టాన్ని పలకరించినట్టు చాలా మామూలుగా అంది.

"ఏటల్లుడా, పొయ్యి కాడ నిలబడ్డావు. పొగొత్తంది. అదిగో, మీ యమ్మ సూత్తంది. ఎల్లు, బేగి ఎల్లి ఆవిడి సేతి అన్నం తిను."

వాడు మొహంమీది పసుపునీళ్ళు తుడుచుకుని, "అలాగే అత్తా" అన్నాడు.

దిసారి తాత "సెల్లింది" అన్నాడు. మా అమ్మ అప్పటికే అటు తిరిగి, గుండిగ మూత తీసి, అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూస్తోంది.